తుడిచి వదిలిన చేపలు

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం తప్పినా సర్దుకుని చదువుకోండి. రాయడం కూడా మెల్లగానే సాగుతుంది. కథలో డేగలు, తెప్పలు ఎంత జోరు మీద ఉన్నా వాటి వెనక నా కలం నడుచుకుంటూ వచ్చింది. మా ఆయన ఉన్న రోజుల్లో ఈ కథ నోటితో చెప్పేదాన్ని, ఆయన ఊఁ కొట్టేవారు. ఊఁ కొట్టేవారు లేక రాయడం నేర్చుకున్నాను.

ఏడో ప్రకరణం

నీలవేణి నది మీద తెల్లవారింది. తూర్పు కొండల అంచున కుంకుమ భరిణె ఒలికినట్టు ఎరుపు పాకి, ఆ ఎరుపు నీళ్ళలోకి జారి, నీళ్ళలోంచి తెప్పల మీదికి ఎగబాకింది. ఈ గట్టు మొదలుకొని ఆ గట్టు దాకా తెప్పలే. ప్రతి తెప్పకూ పట్టు చాందినీ, చాందినీకి ముత్యాల కుచ్చులు, కింద పులితోలు పరిచిన ఆసనం, ఆసనం పక్కన దంతపు పిడి వేసిన గాలపు కర్ర. శఫరపురి దొరలకు గాలాల పండుగ వచ్చింది. వాళ్ళు చేపలు పట్టేది కడుపు కోసం కాదు. సరదాకి, పేరుకి, ఒకరి ముందు ఒకరు మీసం తిప్పుకోవడానికి. పట్టిన చేపను తిరిగి నదికే వదిలేయడం తాతల నాటి కట్టుబాటు.

ఆ వైభవానికి ఒక మూల, తడి ఇసుక మీద, మట్టి పిడతలో గాలాల ఎరకు ఎర్రలు పెట్టుకుని ఒక యువకుడు కూర్చున్నాడు. తలకు పాత గుడ్డ, గోళ్ళ నిండా బురద. అతను ఈ రాజ్యానికి యువరాజు, పేరు తరంగుడు. ఆ సంగతి ఒడ్డున ఉన్న వాళ్ళలో ఎవరికీ తెలియదు.

"ఎవరివి బాబూ, కొత్తగా కనపడుతున్నావు?" అంది అంబలి అమ్మే ముత్యాలి.

"కొత్తవాణ్ణే అవ్వా."

"ఏ ఊరు?"

"ఇక్కడికి దగ్గరే."

"దగ్గరోడివైతే ఇన్నాళ్ళూ ఏ కలుగులో దూరావు? ఇదిగో, తాగు. నా కాడ కొత్తోళ్ళకి మొదటి ముంత ఊరికే."

నిన్న కూడా ఆమె ఇదే అడిగింది, ఇలాగే ముంత చేతికిచ్చింది. వానలు పట్టినప్పటి నుంచి ప్రతి పొద్దూ అంతే. తరంగుడు అంబలి తాగి, ఆమె అటు తిరగగానే ఖాళీ కుండలు రెండూ నది నుంచి నింపి తెచ్చి పెట్టాడు. ముత్యాలి వెనక్కి తిరిగి నిండు కుండలు చూసి, "ఏ తల్లి కన్న బిడ్డో, రోజూ నీళ్ళు పోసి పోతున్నాడు. ముఖం ఒక్కసారైనా చూపించడు," అని గొణుక్కుంది. అతను ఆమెకు చేయి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాడు.

ఇదంతా ధూమజటుడి పని. మూడు వానాకాలాల కిందట ఆ మాంత్రికుడు సాధువు వేషంలో శఫరపురికి వచ్చాడు. అప్పటిదాకా దొరలు గాలం వేసే ముందు నదిలో చేతులు ముంచి "తల్లీ, ముట్టుకోమంటావా" అని అడిగేవారు. ఆ తడి చేత్తోనే చేపను నీళ్ళలో ఉంచి ముల్లు విప్పేవారు. ధూమజటుడు అది పాపమన్నాడు. "చేప ఒంటి మీది జిగురు నదికి పట్టిన చీడ. పొడి పట్టుగుడ్డతో జిగురంతా పోయేలా తుడవండి. నుదుట సిందూరం దిద్ది వదలండి. చేపకు విముక్తి, మీకు పుణ్యం." గుడ్డలు అతనే ఇచ్చేవాడు, తుడిచిన గుడ్డలు అతనే తిరిగి తీసుకునేవాడు. తుడిచిన చేప అద్దంలా మెరిసేది, వదలగానే బాణంలా దూసుకుపోయేది. దొరలు అక్కడితో చూడటం మానేసేవారు.

తరంగుడు ఆ తర్వాత ఏమవుతోందో చూశాడు. నది కిందికి దూకే చోట జలపాతం, దాని అడుగున మౌనమడుగు. అక్కడ జలరాక్షసి ఉందని ధూమజటుడు పుట్టించిన పుకారుతో ఎవరూ అటు పోరు. యువరాజు పోయాడు. రాక్షసి లేదు. మడుగు నిండా చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. గుడ్డ రాసిన మేరకు ఒంటి మీద తెల్లటి బూజు, మనిషి వేళ్ళ అచ్చులా. నుదుటి సిందూరం ఇంకా పూర్తిగా కరగలేదు. జిగురే చేపకు కవచం. దాన్ని ఒలిచి, పుణ్యం వచ్చిందనుకుని ఇళ్ళకు పోతున్నారు.

చచ్చిన చేపనొకదాన్ని తీసుకుని అతను సభకు వెళ్ళాడు. నోరు తెరిచేలోగా ధూమజటుడు అతని ముఖాన బూడిద ఊదాడు. అప్పటి నుంచి మనుషుల కంటికి తరంగుడి ముఖం ఆనడం లేదు. ఎదురుగా నిలబడితే ఎవరో దారినపోయేవాడు. చూపు పక్కకు తిప్పితే అసలు లేనివాడు, అతను చెప్పిన మాటతో సహా. సింహాసనం మీది తండ్రి హేమకేతు మహారాజే, "ఈ కుళ్ళు చేప పట్టుకొచ్చిన వాడెవడు, బయటికి పంపండి" అన్నాడు. యువరాజు కోసం అడవులు గాలించారు, నది గాలించారు, మునిగిపోయాడని తేల్చారు. తన కర్మకాండకు వచ్చిన జనంలో తరంగుడు కూడా నిలబడ్డాడు. పక్కనున్న ముసలాయన, "పాపం, మంచి పిల్లాడంట, నువ్వు చూశావా ఎప్పుడైనా?" అని అడిగాడు.

మంత్రం మనుషుల కళ్ళకే. నదిలో ఒక ప్రాణికి మాత్రం అతను తెలుసు. దారితల్లి అని పిలిచే ముసలి చేప అది, పడవంత పొడవు, పాత బంగారం రంగు పొలుసులు. వరద వచ్చినప్పుడు చేపల గుంపును జలపాతం అంచుల వెంట పై నదికి, గుడ్లు పెట్టే చోటికి తీసుకుపోయేది అదొక్కటే. ఆ దారి మరో చేపకు తెలియదు. చిన్నప్పుడు తరంగుడు రేవు మెట్ల మీద కూర్చుని మరమరాలు వేస్తే వచ్చి అతని ఎడమ అరచేతిని మూతితో పొడిచేది. ఇప్పుడూ వచ్చేది. ఎవరూ లేనప్పుడు అతను మోచేతి దాకా నీళ్ళలో పెట్టి కూర్చునేవాడు. ఆ చిన్న పోటు తగిలితే, తను బతికే ఉన్నానని ఆ రోజుకు నమ్మకం కుదిరేది.

ఈ రోజు మహారాజు గాలం దారితల్లి కోసమే. నిన్న సాయంత్రం ధూమజటుడి కుటీరం వెనక ఎర్రలు తవ్వుతూ తరంగుడు కిటికీలోంచి చూశాడు. జిగురు పట్టిన గుడ్డలన్నీ కలిపి కుట్టిన అంగీ గోడకు వేలాడుతోంది. ఎడమ భుజం దగ్గర ఒక్క గుడ్డకు చోటు ఖాళీ. ధూమజటుడు దాన్ని నిమురుతూ తనలో తనే మాట్లాడుకుంటున్నాడు. "దారితల్లి జిగురు ఒక్కటి చేరితే చాలు. ఏ మంత్రమూ నన్ను అంటదు. నది అడుగున పూర్వపు రాజులు మంత్రాల కాపలా పెట్టి దాచిన జలఖడ్గం నాది. కత్తి నాదైతే రాజ్యం ఎవరిది?"

అందుకే తరంగుడు పిడత ఎత్తుకుని తెప్పల మధ్యకు నడిచాడు.

మొదటి తెప్ప మీద సేనాపతి వీరభల్లుడు, అతని స్నేహితుడు రత్నాల వర్తకుడు ధనగుప్తుడు కూర్చున్నారు. ఒకప్పుడు ఇద్దరూ తరంగుడితో కలిసి ఇదే నదిలో ఈతలు కొట్టినవాళ్ళు.

"ఏరా ఎర్రలవాడా, బలిసినవేనా?" అన్నాడు వీరభల్లుడు, ముఖం చూడకుండానే.

"తమ చేతికి తగ్గవే దొరా."

ధనగుప్తుడు పకపకా నవ్వాడు. "వీడికి నోరుంది బావా. అది సరే, పొద్దున్నుంచి కూర్చున్నాం, ఒక్క బెండూ కదల్లేదు. మా తండ్రి రోజుల్లో గాలం వేయడం ఆలస్యం, లాగలేక చేతులు పోయేవి."

"తుడవడం రానివాళ్ళు ఎక్కువయ్యారు బావా, అందుకే. పైపైన రాసి వదిలేస్తే చీడ పోతుందా? నేనైతే పొలుసు ఊడేదాకా వదలను. పోయినేడు నేను తుడిచిన రాగండి ఈ ఏడు రెండింతలై మళ్ళీ నా గాలానికే పడింది."

"అదే చేపని ఎలా తెలిసింది?"

"నన్ను చూసి నవ్వింది."

"చేప?"

"నవ్వింది అంటుంటే. మా ఆవిడను అడుగు."

"మీ ఆవిడ అక్కడుందా?"

"లేదు. నేను చెప్పాగా ఆవిడకి."

తరంగుడు పిడత కింద పెట్టి, ఇద్దరికీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "దొరా, ఒక్క మాట. మౌనమడుగు దాకా నాతో రండి. మీరు తుడిచిన చేపలన్నీ అక్కడే చచ్చి తేలుతున్నాయి. మీ వేళ్ళ అచ్చులు వాటి మీద ఉన్నాయి. చేపలు తగ్గింది చేతకానివాళ్ళ వల్ల కాదు, గట్టిగా తుడిచేవాళ్ళ వల్ల."

వీరభల్లుడి ముఖంలో రంగు మారింది. అతను నిజంగానే విన్నాడు. చేతిలోని పట్టుగుడ్డను మెల్లగా మడిచి పక్కన పెట్టాడు. "నిజమే అయితే," అన్నాడు, "మనం ఇన్నాళ్ళూ చేసింది..."

అంతలో ధనగుప్తుడి బెండు మునిగింది. ఇద్దరి తలలూ అటు తిరిగాయి. మళ్ళీ ఇటు తిరిగేసరికి వీరభల్లుడి కళ్ళు ఖాళీగా ఉన్నాయి. మడిచి పెట్టిన గుడ్డను చూసి, "ఇదెవరు మడిచారు?" అని విదిలించి భుజాన వేసుకున్నాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి, "ఏరా ఎర్రలవాడా, బలిసినవేనా?" అన్నాడు.

తరంగుడు పిడత ఎత్తుకున్నాడు. చేప నవ్విందన్న మాట ఊరూరా తిరుగుతుంది. తన మాట ఒక తల తిప్పడానికి ఆగదు.

అప్పుడు నది నడుమ శంఖం మోగింది. రాజు గారి తెప్ప మీద ఏడు రంగుల ధ్వజం లేచింది. గాలపు కర్ర విల్లులా వంగింది. తాడు నీళ్ళను చీరుతూ ఎగువకు పరుగెత్తింది, దిగువకు మళ్ళింది. వంద తెప్పల మీద జనం లేచి నిలబడ్డారు. నీళ్ళలో ఒక్క క్షణం పాత బంగారం మెరిసి మాయమైంది.

తరంగుడు నదిలోకి దూకాడు. తెప్పల అడుగున, నాచు పట్టిన దుంగల మధ్య, ఊపిరి బిగబట్టి ఈదాడు. పచ్చటి చీకట్లో దారితల్లి కనిపించింది. పెదవిలో ఇనుప ముల్లు, మొప్పలు పెద్దగా ఎగసిపడుతున్నాయి. అతను ఎడమ చేయి చాపాడు. అంత బాధలోనూ అది వచ్చి అరచేతిని మూతితో పొడిచింది. అతను ముల్లు అందుకోబోయాడు. పై నుంచి తాడు విదిలింపుగా లాగింది. చేప, చేపతో అతను, ఇద్దరూ వెలుగులోకి లేచారు.

తెప్ప అంచున మోకాళ్ళ మీద హేమకేతు మహారాజు. చేతిలో తాడు, ఒళ్ళో తెల్లటి కొత్త పట్టుగుడ్డ. గడ్డం నెరిసిపోయింది. ఆయన వెనక సిందూరపు పళ్ళెంతో ధూమజటుడు.

"తుడవండి ప్రభూ," అంటున్నాడు మాంత్రికుడు. "మీ బిడ్డ ఆత్మ ఈ చేప జిగురులో చిక్కుకుని ఉంది. తుడిస్తే విముక్తి."

తండ్రి ఈ గుడ్డ పట్టుకున్నది తన కోసమేనని తరంగుడికి అర్థమైంది. ఒక్క ఊపున తెప్ప ఎక్కి ఆయనకు ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టి కూర్చున్నాడు.

"ప్రభూ, నన్ను చూడండి. ఎవరు ఏమన్నా చూపు తిప్పకండి."

"ఎవరు నువ్వు?" రాజు కళ్ళు అతని మీద నిలిచాయి. పరాయివాణ్ణి చూసే చూపు.

ధూమజటుడి మంత్రం అతనికే పట్టదు. ఆ ముఖం చూడగానే గుర్తుపట్టాడు. "ప్రభూ, శత్రువు. అటు చూడండి, ఒడ్డున మీ గుడారాలు తగలబడుతున్నాయి."

"చూడకండి," అన్నాడు తరంగుడు. "గాలం వేసే ముందు చెయ్యి ఏం చేయాలని మీ తండ్రి గారు నేర్పారు?"

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "నీళ్ళను అడగాలి." చాలా ఏళ్ళుగా పలకని మాటలా అది ఆయన నోట్లో తడబడింది. "తల్లీ, ముట్టుకోమంటావా అని."

"ఇవాళ అడిగారా?"

"లేదు."

"ఇప్పుడు అడగండి. చూపు మాత్రం నా మీదే ఉంచండి."

వెనక ఏనుగు ఘీంకరించింది. పాము పాము అని ఎవరో కేక పెట్టారు. ధూమజటుడు పళ్ళెం విసిరికొట్టాడు. రాజు రెప్ప వేయలేదు. ఒళ్ళోని పట్టుగుడ్డ జారి తెప్ప మీద పడింది. ఆయన చూడకుండానే చేతులు నదిలో ముంచి, తడి చేతులతో దారితల్లిని నీళ్ళలోనే పొదివి పట్టుకున్నాడు. చల్లటి జిగురు ఆయన వేళ్ళ సందుల్లోకి పాకింది. తరంగుడు ముల్లు వంకర తిప్పి మెల్లగా బయటికి తీశాడు.

"ఇది ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు రాజు.

"మీరే."

ఆయన పెదవులు ఏదో అడగబోయాయి. సరిగ్గా అప్పుడే ధూమజటుడు జటలు విదిలించాడు. మనిషి ఉన్న చోట నల్లటి పొగ, పొగలోంచి గొడుగంత రెక్కలతో డేగ. అది రాజు ముఖం మీదికి దూకింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

అంతే. మళ్ళీ చూసేసరికి ఆ కళ్ళలో ఏమీ లేదు. తన తెప్ప మీద, తన చేప మీద చేయి వేసి ఎవడో బురద మనిషి.

"ఎవడు వీడు?" అన్నాడు రాజు. "పట్టుకోండి."

బల్లేలు లేచాయి. ఒకటి తరంగుడి భుజాన్ని చీరుకుంటూ పోయి చాందినీ స్తంభంలో దిగింది. అతను దారితల్లి వెన్ను మీద చేయి వేసి నీళ్ళలోకి దొర్లాడు. చేప ఒక్క విదిలింపుతో దిగువకు మళ్ళింది. పైన డేగ, వెనక పది తెప్పల తెడ్ల చప్పుడు, ముందు జలపాతం. ఆ హోరు అప్పటికే చెవులు నింపేస్తోంది. కిందికి దూకితే మౌనమడుగు, చచ్చిన చేపల మడుగు. అక్కడి నుంచి పైకి ఎక్కే దారి తెలిసిన ప్రాణి ఒక్కటే, అది అతని చేతి కింద ఉంది.

అంచు దగ్గర నీళ్ళు గాజులా నున్నగా సాగాయి. తరంగుడు వెనక్కి తిరిగి చూశాడు. చివరిసారి తండ్రిని చూసుకుందామని, అంతకన్నా ఏమీ కాదు.

రాజు తెప్ప అంచున నిలబడి ఉన్నాడు. డేగ రెక్కల పొగ ఇంకా కళ్ళలో మండుతోంది కాబోలు, రెండు చేతులతో ముఖం రుద్దుకుంటున్నాడు. అవి తడి చేతులు, దారితల్లి జిగురు అంటిన చేతులు. ఆ జిగురు తగిలిన చోట ఏ మంత్రమూ నిలవదు. నిన్న కిటికీ దగ్గర విన్న మాట తన మీది మంత్రానికీ వర్తిస్తుందని తరంగుడికి అప్పుడు తట్టింది.

రాజు చేతులు దించాడు. నది మీదుగా చూశాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. జలపాతం హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. పట్టుకోమంటున్నాడో, పొడవమంటున్నాడో.

తరంగుడి చిన్నతనంలో, ఆడుకునే కొడుకును దూరం నుంచి రమ్మనాలంటే హేమకేతు పేరు పెట్టి పిలిచేవాడు కాదు. రాజు గొంతు ఎత్తకూడదు గనుక తొడ మీద రెండుసార్లు చరిచేవాడు. పిల్లవాడు పరుగెత్తుకొచ్చి ఒళ్ళో వాలేవాడు. ఆ సైగ ఆ ఇద్దరికే తెలుసు.

తెప్ప మీద, బల్లేల మధ్య, ముసలి రాజు తొడ మీద చరిచాడు. ఆగి, మళ్ళీ చరిచాడు.

తరంగుడు చేయి ఎత్తాడు. నీళ్ళు అప్పటికే కాళ్ళ కింద లేవు. దారితల్లి అతని ఎడమ అరచేతిని మూతితో పొడిచి, ముందుగా తనే అంచు దాటింది. నల్ల డేగ రెక్కలు ముడుచుకుని వాళ్ళ వెనకే ఆ తెల్లటి నురగలోకి దూకింది.

మైలపల్లి అప్పాయమ్మ, డెబ్బై ఒకటో ఏడు, ఇప్పుడు ఉంటున్నది కాకినాడ జగన్నాథపురంలో.